పెద్దప్రేగు క్యాన్సర్ మందులు – భాస్వరం, లిథియం రసాయన శాస్త్రం

చిన్నప్రేగు ముగిసిన చోట మొదలై పురీషనాళం వరకు సాగే సుమారు ఒకటిన్నర మీటరు పొడవు గల గొట్టమే పెద్దప్రేగు. దాని లోపలి పొరలో కణాలు అదుపు తప్పి పెరగడమే పెద్దప్రేగు క్యాన్సర్. ఆస్పత్రి చీటీ మీద కన్నడంలో 'దొడ్డ కరుళు' అని ఉన్నా, తమిళంలో 'పెరుంగుడల్' అని ఉన్నా, మరాఠీలో 'మోఠే ఆతడే' అని ఉన్నా, ఒడియాలో 'బృహదంత్ర' అని ఉన్నా అవయవం ఒక్కటే. సరిహద్దు కుటుంబాలవారు ఒక రాష్ట్రంలో పరీక్ష చేయించుకొని, మరొక రాష్ట్రంలో చికిత్సకు వెళ్ళడం సామాన్యం. కనుక ఈ పదాలు తెలిసి ఉండడం మంచిది.

ఈ వ్యాధి చాలావరకు పాలిప్ అనే చిన్న బొడిపెతో ఆరంభమవుతుంది. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్‌గా మారవు. మారేవి సాధారణంగా పదేళ్ళ వ్యవధి తీసుకుంటాయి. ఆ లోపల కొలనోస్కోపీ ద్వారా బొడిపెను తొలగించినచో వ్యాధి అక్కడితో ఆగిపోతుంది. అయితే మన పల్లెల్లో మలంలో రక్తం కనబడగానే మొలలు అని తీర్మానించి, నాటు మందుతోనో లేపనంతోనో నెలలు గడపడం అలవాటు. మొలల రక్తం సాధారణంగా ఎర్రగా, విడిగా కనబడుతుంది. పెద్దప్రేగు కుడి భాగంలోని గడ్డ నుండి కారే రక్తం మలంలో కలిసిపోయి కంటికి కనబడకపోవచ్చు. అటువంటివారిలో మొదట తెలిసేది రక్తహీనత మాత్రమే. నడివయస్సు దాటిన పురుషునికి కారణం తెలియని రక్తహీనత ఉన్నచో, ఇనుము మాత్రలతో సరిపెట్టక ప్రేగును పరీక్షింపజేయాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారిపోవడం, బరువు తగ్గడం కూడా గమనింపదగినవే.

చికిత్సలో మొదటి స్థానం శస్త్రచికిత్సదే. గడ్డను, దానికి చేరువగా ఉన్న శోషరస గ్రంథులను తొలగిస్తారు. గ్రంథులకు వ్యాధి పాకినట్లు తేలితే దానిని మూడవ దశ అంటారు. కంటికి కనబడని కణాలు ఎక్కడైనా మిగిలి ఉంటాయేమోనని అప్పుడు మందులు ఇస్తారు. ఆ మందుల కథ వైద్యశాలలో కంటె రసాయన ప్రయోగశాలలోనే ఎక్కువగా నడిచింది.

భాస్వరం తగిలితేనే పనిచేసే మందు

పెద్దప్రేగు క్యాన్సర్‌కు నేటికీ మూలస్తంభంగా ఉన్న మందు 5-ఫ్లోరోయురాసిల్. ఎలుకల కాలేయ గడ్డలు ఆరోగ్యకర కణజాలం కంటె ఎక్కువగా యురాసిల్‌ను గ్రహిస్తున్నట్లు 1954లో గమనించారు. యురాసిల్ ఆర్ఎన్ఏలో ఉండే నాలుగు అక్షరాలలో ఒకటి. దానిలోని ఒక హైడ్రోజన్ పరమాణువు స్థానంలో ఫ్లోరిన్‌ను ఉంచితే కణం మోసపోతుందని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హైడెల్‌బర్గర్ ఊహించారు. ఫ్లోరిన్ పరిమాణంలో హైడ్రోజన్‌కు చేరువగా ఉంటుంది గాని, రసాయనికంగా దానివలె ఊడిరాదు. ఈ మందును గూర్చిన తొలి పరిశోధన 1957లో వెలువడింది.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. ఫ్లోరోయురాసిల్ తనంతట తాను ఏమీ చేయలేదు. కణంలోని ఎంజైములు దానికి ఒక చక్కెర అణువును, ఒక ఫాస్ఫేటును, అనగా భాస్వరపు ముద్రను, తగిలించాలి. అలా తయారైన పదార్థం థైమిడిలేట్ సింథేస్ అనే ఎంజైముకు అతుక్కుంటుంది. ఆ ఎంజైము ఆగితే డీఎన్ఏ నిర్మాణానికి కావలసిన థైమిడిన్ కొరవడుతుంది. వేగంగా చీలిపోయే కణం డీఎన్ఏ లేక నశిస్తుంది. ఈ అతుకు గట్టిగా నిలవాలంటే ఫోలిక్ ఆమ్ల కుటుంబానికి చెందిన మూడవ అణువు ఒకటి తోడు కావాలి. అందుకే ఫ్లోరోయురాసిల్‌తో పాటు ల్యూకోవోరిన్ అనే ఫోలినిక్ ఆమ్లాన్ని కలిపి ఎక్కిస్తారు. విటమిన్ వంటి ఈ మందు బలం కోసం కాదు, విషపు పట్టు బిగించడం కోసం!

ఫోలిక్ ఆమ్లం అనగానే తెలుగువారు తలచుకోవలసిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, 1923లో అమెరికా చేరిన ఆయన లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ అణువును కొద్దిగా మార్చి చేసిన మందులతోనే 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలి చికిత్స వెలుగుచూసింది. అదే సంవత్సరం సుబ్బారావు కన్నుమూశారు. ఆయన తొలి కీర్తి మాత్రం భాస్వరంతోనే వచ్చింది. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించిన పరిశోధనల్లోనూ ఆయన భాగస్వామి.

పురుగుమందులోని భాస్వరం, మందులోని భాస్వరం

సేంద్రియ భాస్వర సమ్మేళనం అన్నమాట వినగానే రైతు కుటుంబాలకు మోనోక్రోటోఫాస్ డబ్బా గుర్తుకు వస్తుంది. ఆ భయం నిరాధారం కాదు. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ 1936లో పురుగుమందుల కోసం వెదుకుతూ టాబున్ అనే నరాల విషవాయువును కనుగొన్నారు. పొలాల్లో చల్లే అనేక మందులు ఆ వంశానివే. ఇవి నరాలకు, కండరాలకు నడుమ సంకేతాన్ని ఆపే అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును బంధిస్తాయి. చొంగ కారడం, కనుపాపలు సూదిమొనలంత కావడం, ఊపిరి ఆడకపోవడం దాని లక్షణాలు. ఆస్పత్రిలో అట్రోపిన్ ఇచ్చేది అందుకే.

కాని భాస్వరం ఉన్నంత మాత్రాన విషం కాదు. మన డీఎన్ఏ వెన్నెముక అంతా ఫాస్ఫేటు బంధాలే. ఇతర క్యాన్సర్లలో వాడే సైక్లోఫాస్ఫమైడ్ కూడా సేంద్రియ భాస్వర సమ్మేళనమే. పరమాణువు చుట్టూ ఏయే గుంపులు ఉన్నాయి, అణువు ఏ ఎంజైమును వెదుకుతూ పోతుంది అన్నదే ప్రాణం పోసేదో తీసేదో తేలుస్తుంది. 'క్యాన్సర్ మందు పురుగుమందే' అనే మాట ఊళ్ళలో వినబడుతూ ఉంటుంది. అది శాస్త్రం కాదు.

విటిగ్ చర్య, లిథియం సీసా

రసాయన శాస్త్రజ్ఞునికి భాస్వరం మందు కంటె ముందు ఒక పనిముట్టు. కార్బన్‌కు కార్బన్‌ను జోడించడమే సేంద్రియ రసాయనంలో కష్టమైన పని. జర్మన్ శాస్త్రవేత్త గెయార్గ్ విటిగ్ 1950లలో దీనికి ఒక దారి చూపారు. ట్రైఫెనైల్‌ఫాస్ఫీన్ అనే భాస్వర సమ్మేళనం నుండి లవణం తయారు చేసి, దానిపై ఫెనైల్‌లిథియం వంటి తీవ్ర క్షారాన్ని ప్రయోగిస్తే 'ఇలైడ్' ఏర్పడుతుంది. అది ఆల్డిహైడును కలిసినప్పుడు ఆక్సిజన్‌ను భాస్వరం లాక్కుంటుంది, మిగిలిన రెండు కార్బన్‌లు జంట బంధంతో కలిసిపోతాయి. బంధం సరిగ్గా ఎక్కడ ఏర్పడుతుందో ముందే చెప్పగలగడం ఇందులోని గొప్ప. విటమిన్ ఏ ను పరిశ్రమలో తయారు చేయడానికి జర్మనీలోని బీఏఎస్ఎఫ్ సంస్థ ఈ చర్యనే వాడింది. విటిగ్‌కు 1979లో, 82 ఏళ్ళ వయస్సులో, హెర్బర్ట్ బ్రౌన్‌తో కలిపి నోబెల్ బహుమానం లభించింది.

ఈ పనికి తోడ్పడిన సేంద్రియ లిథియం సమ్మేళనాలను మొదట 1917లో విల్‌హెల్మ్ ష్లెంక్ తయారు చేశారు. బ్యూటైల్‌లిథియం నేడు మందుల పరిశ్రమలో టన్నుల కొద్దీ వాడే సరుకు. గాలి తగలకుండా నైట్రోజన్ లేక ఆర్గాన్ వాయువు కింద, తరచు సున్నాకు దిగువ 78 డిగ్రీల చలిలో దానితో పనిచేస్తారు. దాని దగ్గరి బంధువైన టెర్షియరీ బ్యూటైల్‌లిథియం గాలి తగిలితే చాలు మండుతుంది. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక యువ పరిశోధనా సహాయకురాలు దీనిని సిరంజిలోకి తీస్తుండగా మంటలంటుకొని, 18 రోజుల తరువాత మరణించింది. ఆ తరువాతనే అనేక ప్రయోగశాలలలో రక్షణ నియమాలు బిగిశాయి. మందు బిళ్ళ వెనుక ఇటువంటి ప్రాణనష్టం కూడా ఉన్నదని చాలామందికి తెలియదు.

పడమటి కనుమల చెట్టు

లిథియం పెద్దప్రేగు క్యాన్సర్ కథలోకి మరొక దారిన వచ్చింది. చైనాలో పెరిగే ఒక చెట్టు నుండి క్యాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని 1966లో అమెరికాలో మన్రో వాల్, మన్సుఖ్ వాణి వెలుగులోకి తెచ్చారు. వాణి మహారాష్ట్రలోని నందుర్బార్ ప్రాంతంలో పుట్టినవారు. 2020లో మరణించారు. ఇదే పదార్థం మన పడమటి కనుమల్లోని నొథపొడైటిస్ చెట్టులోనూ ఉన్నట్లు 1972లో టి.ఆర్. గోవిందాచారి తన సహచరునితో కలిసి చూపారు. ఆ చెట్టు పువ్వుల దుర్గంధం వలన దానిని మరాఠీవారు 'నరక్యా' అని, కన్నడిగులు 'దుర్వాసనె మర' అని పిలుస్తారు. మందు కోసం విపరీతంగా నరకడంతో అది అడవుల్లో అరుదైపోయింది. క్యాంప్టోథెసిన్‌ను నీటిలో కరిగేట్లు మార్చి జపానువారు తయారు చేసినదే ఇరినోటెకాన్.

చెట్టు మీద ఆధారపడకుండా ఈ అణువును ప్రయోగశాలలో కట్టవచ్చునా అని పలువురు ప్రయత్నించారు. అమెరికాలోని డేనియల్ కోమిన్స్ బృందం 1992లో పది మెట్లలో దీనిని సాధించింది. పిరిడిన్ వలయంలో సరియైన చోటును తెరవడానికి వారు ఆశ్రయించినది సేంద్రియ లిథియం సమ్మేళనాలనే.

మూడవ ప్రధాన మందు ఆక్సాలిప్లాటిన్. ఇది ప్లాటినం సమ్మేళనం. జపానులోని నగోయాలో యోషినోరి కిదాని 1976లో కనుగొన్నారు. చీటీ మీద 'ఫోల్‌ఫాక్స్' అని ఉంటే ఫోలినిక్ ఆమ్లం, ఫ్లోరోయురాసిల్, ఆక్సాలిప్లాటిన్ అని అర్థం. 'ఫోల్‌ఫిరి' అంటే మూడవది ఇరినోటెకాన్. శస్త్రచికిత్స తరువాత ఫోల్‌ఫాక్స్ ఇచ్చినవారిలో మూడేళ్ళకు వ్యాధి తిరగబెట్టక ఉన్నవారు 78.2 శాతం, ఆక్సాలిప్లాటిన్ లేకుండా ఇచ్చినవారిలో 72.9 శాతం అని 2004లో వెలువడిన 2,246 మంది పరిశోధన తెలిపింది.

ఇటీవలి ప్రయత్నాలు

ఫ్లోరోయురాసిల్‌లో అధిక భాగాన్ని కాలేయంలోని డీపీడీ అనే ఎంజైము ముక్కలు చేసి పారవేస్తుంది. మిగిలిన కొంచెమే భాస్వరపు ముద్ర పొందుతుంది. ఆ ముద్రను ముందే వేసి ఇవ్వరాదా? వేయవచ్చు, కాని ఫాస్ఫేటుకు గల విద్యుదావేశం దానిని కణం గోడ దాటనీయదు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో క్రిస్ మెక్‌గిగన్ ఆ ఆవేశాన్ని కప్పిపుచ్చే 'ప్రోటైడ్' అనే ముసుగును రూపొందించారు. హెపటైటిస్ సి మందు సోఫోస్‌బువిర్ ఈ పద్ధతిలోనిదే. కోవిడ్ రోజుల్లో అందరూ విన్న రెమ్‌డెసివిర్‌లోనైతే లిథియంతో కట్టిన కార్బన్ బంధమూ, ఈ భాస్వరపు ముసుగూ రెండూ ఉన్నాయి. పెద్దప్రేగు క్యాన్సర్ కోసం ఇదే ముసుగుతో ఎన్‌యూసీ-3373 అనే మందు తయారైంది. రోగులపై జరిపిన పోలికలో పాత చికిత్సను మించే అవకాశం కనబడనందున 2024లో ఆ పరీక్షను ఆపివేశారు. కాగితం మీద అందంగా ఉన్న రసాయనం శరీరంలో నెగ్గి తీరుతుందన్న నియమం లేదు.

దీనికి భిన్నంగా, ఖర్చు లేని ఒక చికిత్స నెగ్గింది. కీమో ముగిసిన 889 మందిలో సగం మందికి మూడేళ్ళ పాటు పర్యవేక్షణతో నడక, వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్ళకు జీవించి ఉన్నవారు వారిలో 90.3 శాతం, కేవలం సలహా పుస్తకాలు అందుకున్నవారిలో 83.2 శాతం అని 2025లో ప్రకటించారు. డీఎన్ఏ దోషాలను సరిదిద్దే శక్తి లోపించిన గడ్డలకు రోగనిరోధక చికిత్స కూడా బాగా పనిచేస్తున్నది. అట్టి పురీషనాళ గడ్డలు గల 12 మందిలో శస్త్రచికిత్స లేకుండానే గడ్డ మాయమైనట్లు 2022లో న్యూయార్క్ నుండి వార్త వచ్చింది. అయితే అటువంటి గడ్డలు కొద్దిమందిలోనే ఉంటాయి, పరీక్ష చేస్తే గాని తెలియదు.

రోగి కుటుంబం తెలుసుకోవలసినవి

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన తరువాత కొన్ని రోజులు చల్లని నీరు తాగినా, ఫ్రిజ్‌లోని వస్తువు పట్టుకున్నా వేళ్ళు, గొంతు జివ్వుమంటాయి. తిమ్మిరి నెలల తరబడి మిగిలిపోతే వైద్యునికి చెప్పాలి. వ్యాధి తీవ్రత తక్కువగా ఉన్న మూడవ దశ రోగులలో, కాపెసిటాబిన్ బిళ్ళలతో కలిపి ఇచ్చేటప్పుడు ఆరు నెలలకు బదులు మూడు నెలలు దాదాపు సరిపోతుందని 12 వేలకు పైగా రోగుల వివరాలతో 2018లో తేలింది. కనుక ఎన్నాళ్ళు అని అడగడం తప్పు కాదు. ఆ బిళ్ళలతో అరచేతులు, అరికాళ్ళు ఎర్రబారి పొక్కులెక్కితే సొంతంగా సర్దుకోక తెలియజేయాలి. పుట్టుకతో డీపీడీ లోపం ఉన్నవారికి మామూలు మోతాదే ప్రాణాపాయం కాగలదు. మొదటి విడతలోనే నోటి పూత, విరేచనాలు విపరీతమైతే తక్షణం ఆస్పత్రికి చేరాలి.

ప్రభుత్వ ఆరోగ్య కార్డులు నివాస రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. బళ్ళారి వైపువారు బెంగళూరు కిద్వాయికి, హోసూరు వైపువారు చెన్నై అడయారుకు, గంజాం వైపువారు కటకానికి వెళ్ళే ముందు ఏ కార్డు ఎక్కడ చెల్లునో ఆస్పత్రి సహాయ కేంద్రంలో విచారించుకోవాలి. ఆస్పత్రి మారేటప్పుడు కాగితాలతో పాటు బయాప్సీ చేసిన మైనపు దిమ్మెను, గాజు పలకలను కూడా అడిగి తీసుకోవాలి. అవి లేనిచో కొత్తచోట మరల ముక్క తీయవలసి రావచ్చు.