మా యింటి మైసూరు బండి

ముప్పది రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న పండితుడికి మోటారు సైకిలు మరమ్మతుతో ఏమి పని అని మిత్రులు అడుగుతున్నారు. వారికి సమాధానంగా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అన్నయ్య 1979లో కొన్న యెజ్డీ 250 బండి గొడ్లపాకలో ఇరవై యేళ్లు దుమ్ము క్రింద పడి ఉంది. అన్నయ్య కాలం చేసిన మరుసటి యేడు, పాత ఇనుము కొనే మనిషి బేరానికి వచ్చాడని వదినగారు కబురు చేశారు. వెంటనే వెళ్లి బండిని నేను తెచ్చుకొన్నాను. దానిని మళ్లీ నడిపించడానికి పదునాలుగు నెలలు పట్టింది.

ఈ బండి వంశమూలం చెకొస్లొవేకియాలో ఉంది. 1929లో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయుధ నిర్మాత, వాండరర్ అనే జర్మన్ సంస్థ నుండి మోటారు సైకిలు తయారీ హక్కులు కొన్నాడు. ఆ రెండు పేర్ల తొలి అక్షరాలు కలిసి ‘జావా’ అయింది. సంధీ కాదు, సమాసమూ కాదు. అయినా పేరు నిలిచింది. 1950వ దశకంలో మన ప్రభుత్వం విదేశీ వాహనాల దిగుమతిని కట్టడి చేయగా, రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీలు ఆ బండ్లను ఇక్కడే తయారు చేయడానికి మైసూరులో ఐడియల్ జావా సంస్థను నెలకొల్పారు. 1961లో ఉత్పత్తి మొదలయింది. నాటి గవర్నరు జయచామరాజ ఒడెయరు ఆ కర్మాగారాన్ని ప్రారంభించారు. 1970వ దశకంలో జావా పేరు తొలగి యెజ్డీ పేరు వచ్చింది. మా ప్రాంతంలో మాత్రం అది ఎప్పుడూ ‘మైసూరు బండి’యే.

ఆ బండికి సైలెన్సర్లు రెండు, సిలిండరు ఒక్కటే. కిక్కు రాడ్డునే మడిచి ముందుకు త్రిప్పితే గేరు రాడ్డు అవుతుంది. ఇంజనులో వాల్వులు లేవు, వాటిని ఆడించే కామ్ లేదు. సిలిండరు గోడలో ఉన్న రంధ్రాలను పిస్టనే పైకీ క్రిందికీ కదులుతూ మూస్తుంది, తెరుస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మందు అంటుకొంటుంది. ఇందులో ప్రతి చుట్టుకూ అంటుకొంటుంది. పిస్టనుకు నూనె వేరే దారిన రాదు. లీటరు పెట్రోలుకు సుమారు 40 మిల్లీలీటర్ల నూనె కలిపి పోస్తే, ఆ పెట్రోలుతోనే లోపలికి వెళ్లి కందెనగా పనిచేస్తుంది. ఇంత సరళమైన యంత్రం కనుకనే కంపెనీ మెకానిక్కు మొగం చూడని పల్లెల్లో కూడా, నాలుగు స్పానర్లున్న కుర్రవాడు దానిని విప్పి బిగించగలిగాడు.

నూనె కలపడం మరచిపోతే ఏమవుతుందో నాకు స్వానుభవం. 1986లో, ఉద్యోగంలో చేరిన క్రొత్తల్లో, అన్నయ్య బండి అడిగి తీసుకొని రేపల్లె బయలుదేరాను. దారిలో బంకు దగ్గర ఆగి వట్టి పెట్రోలు పోయించాను. భట్టిప్రోలు దాటాక ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. వెనుక చక్రం బిగుసుకొని రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. చెట్టు నీడన అరగంట కూర్చొన్న తరువాత, చల్లారిన ఇంజను కిక్కు కొడితే మళ్లీ కదిలింది. నూనె కొని పోసి, మెల్లగా ఇంటికి తెచ్చి, తాళం కొక్కేనికి తగిలించాను. ఏమీ చెప్పలేదు. అన్నయ్య అడగనూ లేదు.

తెనాలిలో డెబ్బై యేళ్లు దాటిన మెకానిక్కు ఒకాయన నాకు గురువుగా దొరికారు. హెడ్డు విప్పి, పిస్టను మీది మసి గీకించారు. దాని క్రింద 0.50 అనే అంకె కనబడింది. “మాష్టారూ, ఈ బ్లాకు ఒకసారి బోరు చేయించారండీ. ఇది అర మిల్లీమీటరు పెద్ద పిస్టను” అన్నారాయన. 65 మిల్లీమీటర్ల సిలిండరు గీతలు పడి పాడైతే, గీతలు పోయేదాకా తొలిచి అంత లావు పిస్టను వేస్తారు. ఆ మరమ్మతు మాట అన్నయ్య నాతో ఏనాడూ అనలేదు. నాటి నా జీతంలో అది ఎంత భాగమో లెక్క వేసుకొంటూ ఆ రాత్రి నిద్రపోలేదు.

మళ్లీ బోరు చేయించి ఇంకా పెద్ద పిస్టను వేశాము. సైలెన్సర్లలో పేరుకొన్న కార్బను తీశాము. పాయింట్ల ఎడం ఫీలరు గేజితో 0.4 మిల్లీమీటరుకు సరిచేశాము. పది మైళ్లు నడిపి ప్లగ్గు విప్పి చూడమనేవారు గురువుగారు: నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ, కాఫీ గింజ రంగుకు వస్తే సరిపోయినట్లు. ఆ రంగు రావడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఈ బండికి బ్రతుకునిచ్చిన సరళతే దానికి మృత్యువయింది. కాలిన పొగను బయటికి నెట్టేది క్రొత్తగా వచ్చిన పెట్రోలు ఆవిరే. అందులో కొంత తానూ కాలకుండానే పొగతోపాటు వెళ్లిపోతుంది. కలిపిన నూనె కూడా కాలి పొగ అవుతుంది. 1980వ దశకంలో లీటరుకు ఎక్కువ దూరం నడిచే జపాన్ సాంకేతికత బండ్లు వచ్చాయి. 1991లో మొదలైన కాలుష్య నిబంధనలు 1996లో బిగుసుకొన్నాయి. ఆ 1996లోనే మైసూరు కర్మాగారం మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు తిరిగి వచ్చాయి గాని, అవి ఫోర్ స్ట్రోక్ బండ్లు. నిబంధన తెచ్చిన వారిని నేను తప్పుపట్టను. ఆ పొగ నేనూ పీల్చినవాడినే. అందుకే నెలకు ఒక్క ఆదివారం మాత్రం బండి తీస్తాను.

మొదటి ఆదివారం అన్నయ్య ఇంటికే వెళ్లాను. ఆ చప్పుడు విని, నేను గుమ్మం చేరకముందే వదినగారు అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. మంచినీళ్లు త్రాగి, భట్టిప్రోలు సంగతి నలభై యేళ్ల తరువాత ఆమెకు చెప్పాను.

“ఆ రోజే ఆయనకు తెలుసు నాయనా. వాడే చెబుతాడులే అన్నారు” అన్నారు.

పాత పిస్టను ఇప్పుడు నా వ్రాతబల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది. బంకు దగ్గర ఆగినప్పుడల్లా ముందు నూనె కొలిచి పోసుకొని, తరువాతే పెట్రోలు పోయించుకొంటున్నాను.

స్వస్తి.