బస్తర్ పేదరిక, ఆహార అభద్రతా పటాలు

ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న బస్తర్ ప్రాంతంలో పేదరికం ఎక్కడ గూడు కట్టుకుంది, ఏ ఊళ్లకు తిండి చాలడం లేదు అన్నది చూపడానికి జనగణన, ఆరోగ్య సర్వేలు, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా గీసిన పటాలివి. ఏ ఊరికి ముందు బియ్యం పంపాలి, ఎక్కడ అంగన్‌వాడీ పెట్టాలి అనే నిర్ణయాలకు ఇలాంటి పటాలే ఆధారం. అందుకే వాటిలో తప్పు దొర్లితే ఆ భారం పిల్లల మీద పడుతుంది.

పటం చదివేవారు మొదట చూడవలసింది రంగులను కాదు, గీతలను. 1998 వరకు బస్తర్ అంతా ఒకే జిల్లా. 39 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణంతో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. జగదల్‌పూర్ పట్టణం, బైలాడిలా ఇనుప గనులు, అబూజ్‌మాడ్ కొండలు అన్నీ ఒకే సగటులో కలిసిపోయేవి. 1998లో కాంకేర్, దంతెవాడ, 2007లో నారాయణ్‌పూర్, బీజాపూర్, 2012లో కొండగావ్, సుక్మా విడిపోయి ఇప్పుడు ఏడు జిల్లాలయ్యాయి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2011 జనగణన నాటి జిల్లాలనే తీసుకుంది కాబట్టి అందులో దంతెవాడ అంటే సుక్మా కూడా కలిసిన పాత దంతెవాడ. 2019–21 సర్వేలో ఈ రెండూ వేరు. రెండు పటాలను పక్కపక్కన పెట్టి దంతెవాడ ఎంత మారిందో చెప్పబోతే, జనం బతుకులో వచ్చిన మార్పేదో, సరిహద్దు గీతలో వచ్చిన మార్పేదో తేలదు.

దేశంలో ఈ పనికి బాట వేసింది ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం కలిసి 2001లో వెలువరించిన గ్రామీణ భారత ఆహార అభద్రతా అట్లాస్. తిండి లభ్యత, దాన్ని కొనుక్కోగల శక్తి, తిన్నది ఒంటికి పట్టడం అనే మూడింటినీ అది కలిపి చూసింది. మూడోది ముఖ్యమైనది. తాగునీరు మంచిది కాకపోతే, మలేరియా వదలకపోతే కడుపు నిండా తిన్నా పిల్లలు పుష్టిగా పెరగరు. 2008 నాటి నివేదికలో ఇవే సంస్థలు ఝార్ఖండ్‌తో పాటు ఛత్తీస్‌గఢ్‌నూ అభద్రత అత్యధికంగా ఉన్న వర్గంలో చేర్చాయి. అయితే అది రాష్ట్రాల స్థాయి పటం. వరి విరగపండే రాయ్‌పూర్ మైదానానికీ, వానాధారం మీద ఒక్క పంటతో నెట్టుకొచ్చే బస్తర్ మెట్టకూ అందులో ఒకటే రంగు.

నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ జిల్లా స్థాయికి దిగింది. ఆరోగ్యం, విద్య, జీవన ప్రమాణాలకు చెందిన 12 అంశాలను లెక్కించి, ఛత్తీస్‌గఢ్‌లో పేదల వాటా 2015–16లో 29.91 శాతం నుంచి 2019–21 నాటికి 16.37 శాతానికి తగ్గిందని చెప్పింది. తగ్గుదల నిజమే. అయినా ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆ కాలంలో 37.6 శాతం నుంచి 34.6 శాతానికే దిగారు. 2018లో కేంద్రం వెనకబడిన జిల్లాలను ‘ఆకాంక్షిత జిల్లాలు’గా ప్రకటించినప్పుడు బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాలూ ఆ జాబితాలోకి వచ్చాయి.

ఉపగ్రహ చిత్రాలకు హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం పెద్ద దిక్కు. 2009లో మొదలైన ఇస్రో భువన్ వేదికలో అడవి, పంట భూమి, నీటి వనరులు ఎవరైనా చూడవచ్చు. కానీ బస్తర్‌లో ఈ చిత్రాలను ఆచితూచి చదవాలి. పచ్చదనం దండిగా ఉన్నచోట ఆకలి లేదనుకోవడం పొరపాటు. రాత్రి వెలుగుల పటంలో కిరందుల్, బచేలీ గని పట్టణాలు మెరుస్తాయి. ఆ వెలుగు గనిది, చుట్టుపక్కల గూడేలది కాదు.

దూరం సంగతి ఇంకా సూక్ష్మం. ఊరి నుంచి రేషన్ దుకాణానికి పటంలో గీసే సరళరేఖ వానాకాలంలో పనికిరాదు. ఇంద్రావతి పొంగితే అవతలి ఒడ్డుకు నాటుపడవే దారి. మావోయిస్టులకూ భద్రతా దళాలకూ మధ్య సాయుధ ఘర్షణల కాలంలో లోపలి ఊళ్ల దుకాణాలను రోడ్డు పక్కకు తరలించడంతో 35 కిలోల బియ్యం కోసం గుట్టలు దిగి, మూట నెత్తిన పెట్టుకుని తిరిగి ఎక్కిన కుటుంబాలెన్నో. తిండి తీరూ నెలనెలకూ మారుతుంది. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే ఇప్పచెట్ల కిందికి చేరి రాలిన పూలు ఏరుతారు. తర్వాత తునికాకు, చింతపండు సంతకు చేరితే చేతిలో నాలుగు డబ్బులాడతాయి. వానలు పడ్డాక కొత్త పంట ఇంటికి వచ్చేదాకా రోజులు గడవడం కష్టం. అప్పుడు రాగి అంబలే ఆధారం, దాన్ని అక్కడ మండియా పేజ్ అంటారు. ఏడాదికొక రంగు వేసే పటం ఈ నెలల తేడాను చూపలేదు. నెలవారీ పటాలు లేకపోవడం ఈ రంగంలో పెద్ద లోటు.

సుమారు నాలుగు వేల చదరపు కిలోమీటర్ల అబూజ్‌మాడ్‌లో చాలా ఊళ్లకు చాలాకాలం రెవెన్యూ సర్వే జరగలేదు. సర్వే లేనిచోట పొలానికి పట్టా లేదు. పట్టా లేని రైతు పేరు రెవెన్యూ రికార్డుకు ఎక్కదు. పటంలోని ఆ ఖాళీని సమాచారం లేదనే చదవాలి, కొరత లేదని కాదు.

రాష్ట్ర సరిహద్దు దాటాక పటాలు తెగిపోతాయి. శబరి ఒడ్డున కోంటా పరిసరాల్లో దోర్లా గిరిజనుల మాటలో తెలుగు కలిసే ఉంటుంది. అక్కడి నుంచి, బీజాపూర్ వైపు నుంచి ఏటా మిరపకోతలకు కూలీలు గోదావరి లోయకు వస్తారు. 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం కాలపు హింసకు తాళలేక వచ్చి ఖమ్మం, భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ గిరిజనులూ ఉన్నారు. చాలా కుటుంబాలకు ఛత్తీస్‌గఢ్‌లో వదిలిన ఊళ్లో రేషన్ అందదు, తెలంగాణలో గిరిజన గుర్తింపు దొరకదు. ఛత్తీస్‌గఢ్ పటంలో వారు వెళ్లిపోయినవారు, తెలంగాణ పటంలో ఇంకా చేరనివారు.