రేషన్ కార్డు (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

రేషన్ కార్డు అంటే చౌకధరల దుకాణంలో ప్రభుత్వం నిర్ణయించిన ధరకు, నిర్ణీత పరిమాణంలో సరుకులు పొందేందుకు కుటుంబానికి ఇచ్చే పత్రం. యుద్ధకాలపు కొరత నుంచి పుట్టిన ఈ కార్డు, తెలుగు రాష్ట్రాల్లో క్రమంగా కుటుంబ ఆదాయస్థాయిని తెలిపే గుర్తింపుగా మారింది.

ఆరంభం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ధాన్యం ధరలు పెరిగి సరఫరా దెబ్బతింది. లక్షకు మించి జనాభా ఉన్న నగరాల్లో రేషన్ పెట్టాలని 1943లో ఆహారధాన్యాల విధాన సంఘం సూచించింది. అప్పట్లో కార్డుకు పేద, ధనిక భేదం లేదు. ఉన్న గింజలను అందరికీ పంచడమే లక్ష్యం. నైజాం రాజ్యంలో ఇందుకోసం రైతుల నుంచి బలవంతంగా వసూలు చేసిన లెవీ ధాన్యం తెలంగాణ పల్లెల్లో తీవ్ర అసంతృప్తి రేపింది. 1947 చివర ఎత్తేసిన ఈ ఆహార నియంత్రణ (కంట్రోలు) 1948లో మళ్లీ వచ్చింది. రఫీ అహ్మద్ కిద్వాయ్ కేంద్ర ఆహారమంత్రిగా ఉండగా 1954 నాటికి తొలగింది. కంట్రోలు బియ్యం అన్న మాట మాత్రం జనం నోట నిలిచింది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడ్డాక ధాన్యం సేకరణ, నిల్వ, పంపిణీ శాశ్వత వ్యవస్థగా స్థిరపడ్డాయి.

కిలో రెండు రూపాయల బియ్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకు ఇచ్చే పథకం ప్రారంభించింది. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలు అర్హులు. మనిషికి నెలకు 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోలు గరిష్ఠ పరిమితి. ఖజానాపై భారం పెరగడంతో 1992లో ధర 3.50 రూపాయలకు చేరింది. 1994 ఎన్నికల్లో గెలిచిన రామారావు తిరిగి 2 రూపాయలు చేశారు. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మళ్లీ 3.50కి పెంచింది. ఆ తర్వాత 5.25 రూపాయలైన ధరను 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2 రూపాయలకు, 2011లో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం రూపాయికి తగ్గించాయి.

కార్డుల వర్గీకరణ

1997లో కేంద్రం లక్షిత ప్రజాపంపిణీని అమలుచేసి దారిద్ర్యరేఖకు దిగువ, ఎగువ కుటుంబాలను వేరుచేసింది. రాష్ట్రంలో పేదలకు తెల్లకార్డు, మిగిలినవారికి గులాబీకార్డు ఉండేవి. నిరుపేదలకు 2000 డిసెంబరులో అంత్యోదయ అన్న యోజన మొదలైంది. మొదట నెలకు 25 కిలోలున్న కోటా 2002లో 35 కిలోలకు పెరిగింది.

గులాబీకార్డుకు చౌకబియ్యం రాకపోయినా చిరునామా రుజువుగా పనికొచ్చేది. తెల్లకార్డు విలువ బియ్యంతో ఆగలేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వంటి పథకాలకు అదే అర్హతపత్రం కావడంతో బియ్యం అవసరం లేనివారూ దానికి పోటీపడ్డారు. బోగస్ కార్డుల ఏరివేత, అర్హుల పేర్లు గల్లంతవడం తరచూ వివాదాలయ్యాయి.

చట్టబద్ధ హక్కు

2013 జాతీయ ఆహార భద్రత చట్టం చౌకధాన్యాన్ని హక్కుగా గుర్తించింది. ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు దక్కుతాయి. కార్డుపై కుటుంబ పెద్దగా 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దామె పేరుంటుంది. కేంద్రం పరిధిలోకి రాని కార్డుల ఖర్చును రాష్ట్రాలే భరిస్తాయి.

రాష్ట్ర విభజన తర్వాత

తెలంగాణ ఆహార భద్రత కార్డులిచ్చి 2015 జనవరి నుంచి మనిషికి 6 కిలోలు రూపాయి ధరకు పంచింది. అక్కడ ఆదాయ పరిమితి ఏడాదికి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు. 2025 ఉగాది నాడు సన్నబియ్యం పంపిణీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్ తెల్లకార్డు స్థానంలో బియ్యం కార్డు తెచ్చి, ఆదాయ పరిమితిని నెలకు గ్రామాల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలుగా నిర్ణయించింది. 2021లో ఇంటి వద్దకు సరుకు తెచ్చిన వాహనాలు 2025 జూన్‌లో ఆగి, పంపిణీ తిరిగి డీలర్ల దుకాణాలకు చేరింది.

దుకాణాల్లో వేలిముద్ర యంత్రాలు వచ్చాక ఏ ఊళ్లోనైనా సరుకు తీసుకునే వీలు ఏర్పడింది. 2019లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య మొదలైన అంతర్రాష్ట్ర సౌకర్యం ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ పేరిట దేశమంతటా విస్తరించింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే ధాన్యం ఉచితం.