చెట్టు కింద టిఫిన్: మద్రాసు వుడ్‌లాండ్స్ పుట్టుపూర్వోత్తరాలు

చెన్నైలో జెమినీ ఫ్లైఓవర్ దగ్గర కథీడ్రల్ రోడ్డులోకి మళ్లితే సెమ్మొళి పూంగా అని ఒక పెద్ద తోట కనిపిస్తుంది. 2010 నవంబరులో తెరిచారు. నేటి కుర్రకారుకు అదొక బొటానికల్ గార్డెన్, అంతే. మద్రాసులో కొన్నాళ్లు బతికిన పెద్ద వయసు తెలుగువాళ్లను కదిపి చూడండి. తోట సంగతి ఎత్తరు, ‘డ్రైవిన్’ అంటారు. 1962 నుంచి 2008 దాకా అక్కడ వుడ్‌లాండ్స్ డ్రైవిన్ హోటల్ ఉండేది. ‘సాయంత్రం డ్రైవిన్‌లో కలుద్దాం’ అంటే చాలు, అడ్రసు చెప్పే పనిలేదు.

దాని కథ తెలియాలంటే అప్పటి దక్షిణ కన్నడ జిల్లా దాకా వెళ్లాలి. ఉడిపి కృష్ణుడి గుడి, దాని చుట్టూ ఎనిమిది మఠాలు, ఆ మఠాల్లో రోజూ వందల విస్తళ్లకు వండి వార్చే వంటవాళ్లు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా పప్పుకూ పులుసుకూ రుచి పుట్టించడం వాళ్లకు తరాల విద్య. ఊళ్లో బతుకుతెరువు చాలక, దానికితోడు 1923లో వచ్చిన పెద్ద వరదలతో చితికిపోయి, ఎందరో కుర్రాళ్లు బొంబాయికో మద్రాసుకో దారి పట్టారు. చేతిలో చదువు లేదు, డబ్బు లేదు. ఉన్నది వంట. అప్పటికి మంగుళూరు, ఉడిపి ప్రాంతమూ మన కోస్తా జిల్లాలూ రాయలసీమా అన్నీ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. పనికోసం పట్నం పోవడమంటే అందరికీ మద్రాసు పోవడమే.

అలా వచ్చినవాళ్లలో కడందలె కృష్ణారావు ఒకరు. జార్జిటౌన్ హోటళ్ల వంటింట్లో చిన్నాచితకా పనులతో మొదలుపెట్టి, 1920ల్లో ఆచారప్పన్ వీధిలో సొంతంగా ఒక చిన్న హోటల్ నడిపే దాకా వచ్చారు. 1930ల్లో మౌంట్ రోడ్డుకు చేరి ‘ఉడిపి శ్రీకృష్ణ విలాస్’ పెట్టారు. మసాలా దోసెను మద్రాసుకు బాగా అలవాటు చేసింది ఆయనేనని చెబుతారు.

అప్పటికి మౌంట్ రోడ్డు దొరల వీధి. అక్కడ పేరు మోసిన హోటల్ డి ఏంజెలిస్‌ది. దాని యజమాని జియాకొమో డి ఏంజెలిస్ వంటతో సరిపెట్టుకున్న మనిషి కాదు. సింప్సన్ కంపెనీ చేత విమానం కట్టించి 1910లో మద్రాసులో ఎగిరి జనాన్ని నోరెళ్లబెట్టేలా చేశాడు. అలాంటి చోట మామూలు గుమాస్తా కాలు పెట్టే మాటే లేదు. అతనికి మిగిలింది చిన్నచిన్న కాఫీ హోటళ్లు, మాంసం కావాలంటే మిలిటరీ హోటళ్లు. దొరల హోటళ్లకూ వీటికీ మధ్య ఉన్న ఖాళీలోకి ఉడిపివాళ్లు వచ్చారు: శుభ్రమైన బల్ల, వేడి టిఫిన్, జేబుకు అందే ధర.

ఆ రోజుల్ని ముద్దుగా తలుచుకునేటప్పుడు ఒక సంగతి దాటవేయకూడదు. అప్పటి హోటళ్లలో చాలావాటి బోర్డు మీద ‘బ్రాహ్మణాళ్’ అని ఉండేది. లోపల కులాన్నిబట్టి వేరే గదులు, వేరే వరసలు. రైల్వే భోజనశాలల్లో ఈ వేరు పంక్తులు పోయింది 1941లో. ఊళ్లో హోటళ్ల సంగతి ఇంకా ఆలస్యం. 1957లో ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ ముందు పెరియార్ అనుచరులు నెలల తరబడి ఆందోళన చేసి అరెస్టయ్యారు. చివరికి బోర్డు మీద ఆ మాట పోయింది. మసాలా దోసె అందరిదీ కావడానికి రుచి ఒక్కటే సరిపోలేదు, పోరాటమూ కావలసి వచ్చింది.

మళ్లీ కృష్ణారావు దగ్గరకు వద్దాం. 1938లో రాయపేటలో రామనాథపురం రాజాగారి బంగళా ఒకటి ఖాళీగా ఉంది. చుట్టూ చెట్లు. పేరు వుడ్‌లాండ్స్. దాన్ని అద్దెకు తీసుకుని, బస కూడా ఉండే హోటల్‌గా మార్చారు. ఇంటి పేరే హోటల్ పేరయింది. తర్వాత 1952లో ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డులో, అంటే ఇప్పటి రాధాకృష్ణన్ శాలైలో, న్యూ వుడ్‌లాండ్స్ వెలిసింది. పక్కనే మైలాపూరు సంగీత సభలు. డిసెంబరు కచేరీలకు వచ్చే విద్వాంసులకూ రసికులకూ అదొక విడిది.

పోటీ కూడా గట్టిదే. ఉడిపి సంప్రదాయంలోనే ఎదిగిన కె. సీతారామరావు 1954లో పూనమల్లి హై రోడ్డులో దాసప్రకాశ్ తెరిచారు. సెంట్రల్ స్టేషన్లో రైలు దిగిన తెలుగు కుటుంబాలకు అది చేరువ. పిల్లలకు మాత్రం దాసప్రకాశ్ అంటే ఐస్‌క్రీమే. గాజు గ్లాసులో ద్రాక్షరసం, పొడుగాటి గ్లాసులో రంగురంగుల సండే. పెద్దవాళ్లు భోజనానికి తీసుకెళితే పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం భోజనం ముగించేవాళ్లు. ఆ హోటలూ ఇప్పుడు లేదు.

ఇక డ్రైవిన్. కథీడ్రల్ రోడ్డులో అగ్రి హార్టికల్చరల్ సొసైటీ చేతిలో ఉన్న తోటలో 1962లో మొదలయింది. కారులోంచి దిగకుండా తినడం అమెరికా అలవాటు. దాన్ని ఇడ్లీ, సాంబారుకు అతికించడం కృష్ణారావు సాహసం. కారు చెట్టు నీడకు చేరగానే సర్వర్ వచ్చేవాడు. కిటికీ అద్దం సగం దించితే దాని అంచుకు ట్రే తగిలించేవాడు. దాని మీద ఇడ్లీ, వడ, చట్నీ గిన్నెలు, వెనకే సాంబారు. లోపల కూర్చున్నవాళ్లు చొక్కా మీద ఒలికించుకోకుండా తినడం ఒక కళ. పిల్లలకు ఆ ట్రేయే పండగ. కారు లేనివాళ్లకు లోపల హాలుండేది. అక్కడ సెల్ఫ్ సర్వీసు. దోసె చేతిలో పట్టుకుని ఖాళీ కుర్చీ కోసం వెతుక్కోవాలి, దొరికాక మాత్రం లెమ్మనేవాళ్లు లేరు.

అసలు కిటుకు ఆ లెమ్మనకపోవడంలోనే ఉంది. టిఫిన్ హోటల్ వ్యాపారం కుర్చీ మీద నడుస్తుంది. ఒక్కో ప్లేటు మీద మిగిలేది కొద్ది, కాబట్టి ఒకే కుర్చీలో పూటకు ఎంతమంది మారితే అంత లాభం. అందుకే రద్దీ హోటళ్లలో కాఫీ చివరి గుక్క మింగకముందే బిల్లు బల్ల మీద పడుతుంది. డ్రైవిన్‌కు ఆ తొందర లేదు. తోటంత చోటు. ఒక్క కాఫీ తెచ్చుకుని పూటంతా కూర్చోవచ్చు.

ఆ కాఫీ సంగతీ చెప్పాలి. ఫిల్టరు పై అరలో చికోరీ కలిపిన పొడి, దాని మీద మరిగే నీళ్లు, కింది అరలోకి చుక్కచుక్కగా దిగే చిక్కటి డికాషన్. దాంట్లో మరిగిన పాలు కలిపి, పైకెత్తి గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి తిరగబోస్తే నురగ గ్లాసు అంచు దాటి నిలబడుతుంది. జేబులో చిల్లర తక్కువైతే బై టూ.

ఒక్క కాఫీతో ఎంతసేపైనా కూర్చోగలిగే ఈ సదుపాయం మందుల కంపెనీ రిప్రజెంటేటివులకు వరమైంది. పొద్దున్నే బ్యాగులతో చేరి, ఏ డాక్టరును ఎవరు కలవాలో అక్కడే పంచుకునేవాళ్లు. బీమా ఏజెంట్లు, విలేకర్లు, చీటీపాటల వాళ్లు, పెళ్లిచూపుల పెద్దలు, ఎవరి మూల వాళ్లది. అందరికంటే ఎక్కువ లాభపడింది సినిమా జనం. జెమినీ స్టూడియో కూతవేటు దూరం. వడపళనిలో విజయా వాహినీ, ఏవీఎం. తెలుగు సినిమావాళ్ల ఇళ్లు టీనగర్, కోడంబాకాల్లో. పేరున్న నిర్మాతకు ఆఫీసుంటుంది. ఊరి నుంచి కథల కట్టతో వచ్చిన కుర్రాడికి ఉండేది లాడ్జిలో ఒక మంచం. కథ చెప్పడానికి చోటు కావాలి. నిర్మాతను ఆ మంచం మీద కూర్చోబెట్టలేడు. డ్రైవిన్‌లో కూర్చోబెట్టగలడు. అసిస్టెంటు డైరెక్టర్లు, వేషాల కోసం తిరిగేవాళ్లు, ట్యూన్లు పట్టుకు తిరిగేవాళ్లు ఒకరికొకరు తారసపడింది అక్కడే. ఫలానా బ్యానరు కొత్త సినిమా మొదలుపెడుతోందన్న కబురు పేపరుకు ఎక్కకముందే డ్రైవిన్‌కు చేరేది. ఒక్కమాటలో, అది అద్దె లేని ఆఫీసు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ‘మదరాసు మనదే’ అన్న నినాదం నెగ్గలేదు. రాజధాని కర్నూలుకు పోయింది. అయినా సినిమా ఇంకో మూడు దశాబ్దాలు ప్రధానంగా మద్రాసులోనే ఉంది. 1976లో హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్ తలుపులు తెరిచాక ఒక్కొక్కరే అటు సర్దుకున్నారు. డ్రైవిన్ బల్లల దగ్గర తెలుగు మాట తగ్గుతూ వచ్చింది. కానీ హోటల్ మూతపడింది అందువల్ల కాదు. గిరాకీ చివరి దాకా ఉంది. ఆదివారం పూట కారు పెట్టుకోవడానికి చోటు దొరికేది కాదు.

మూతపడింది నేలవల్ల. ఆ స్థలం హోటల్‌ది కాదు, ప్రభుత్వానిది. లీజు వివాదం కోర్టులకెక్కింది. ఆఖరికి 2008లో ఖాళీ చేయవలసి వచ్చింది. చెట్లు బతికిపోయాయి, తోటకు కొత్త పేరు వచ్చింది. సొంత నేల ఉన్న హోటళ్లకూ గండం తప్పలేదు. నగరం నడిబొడ్డున ఎకరం ధర కోట్లు పలికే రోజుల్లో ఇడ్లీలమ్మి ఆ నేలను నిలుపుకోవడం ఎవరి తరం? వారసులు అమ్మేశారంటే వాళ్లను తిట్టి లాభం లేదు.

కాబట్టి మనం పోగొట్టుకున్నది రుచి కాదు. ఆ రుచి ఎక్కడికీ పోలేదు. శరవణ భవన్ 1981లో కేకే నగర్‌లో మొదలై సముద్రాలు దాటింది. డల్లాస్‌లో తెలుగువాళ్లకు మసాలా దోసె, ఫిల్టరు కాఫీ ఇంటి దగ్గరే దొరుకుతున్నాయి. పోయింది చోటు. ఒక్క కాఫీ డబ్బులతో, ఎవరి మొహమాటమూ లేకుండా, పెద్దవాడూ చిన్నవాడూ పక్కపక్కన గంటలు గడపగలిగిన చోటు. ఈనాటి కాఫీ షాపులో ఏసీ ఉంది, సోఫా ఉంది. కానీ కప్పు ధర చూస్తే లాడ్జి కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోతాడు.

మిగిలినవి కొన్ని ఉన్నాయి. రాధాకృష్ణన్ శాలైలో న్యూ వుడ్‌లాండ్స్ నడుస్తోంది. ట్రిప్లికేన్‌లో 1948 నాటి రత్నా కేఫ్ ఉంది. ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం పెట్టిన ఆ హోటల్లో ఇడ్లీ సాంబారులో మునిగి వస్తుంది, అడిగినకొద్దీ పోస్తారు. ఈసారి చెన్నై వెళితే మాల్‌లో ఫుడ్‌కోర్టు మానేసి అక్కడ కూర్చోండి. మీ ఊళ్లోనూ అలాంటి పాత హోటల్ ఒకటి ఉండే ఉంటుంది. మూతపడ్డాక బాధపడేకంటే, తెరిచి ఉన్నప్పుడే వెళ్లి బిల్లు కట్టడం మేలు.