పుట్టింటికి వెళ్ళిన పూలకొమ్మ

అమెరికా ఉత్తరాది మంచులో నెలల తరబడి తలుపులు బిగించుకు కూర్చున్నవాళ్ళు, మార్చి చివర్లో వాషింగ్టన్‌కి పరుగెడతారు. టైడల్ బేసిన్ గట్టున చెర్రీపూలు చూడ్డానికి!

ఆ చెట్లు జపాను ఆడపడుచులు. 1910లో వచ్చిన రెండువేల మొక్కల్నీ పురుగుపట్టాయని తగలబెట్టేశారు. టోక్యో నగరం అలగలేదు. 1912లో మళ్ళీ 3,020 మొక్కలు పంపింది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్‌పై జపాను దాడి చేసిన కొద్దిరోజులకే, ఎవరో నాలుగు చెట్లు నరికేశారు. చెట్లేం చేశాయి, పాపం! మిగిలినవి ఆ మరుసటి వసంతంలోనూ పూశాయి.

యుద్ధకాలంలో ఆదరణ లేక టోక్యోలో వాటి తల్లితోట క్షీణించింది. దాన్ని మళ్ళీ పెంచడానికి 1952లో వాషింగ్టన్ నుంచే కొమ్మలు వెళ్ళాయి. అత్తింట గొడ్డలిదెబ్బ తిన్న పిల్లే పుట్టింటిని నిలబెట్టిందన్నమాట!