పసిపిల్లల ఎగ్జిమా – పేరు, కొలమానం, కుటుంబం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యం

చర్మవ్యాధి చరిత్రను పరిశీలించేవారికి తొలి ఆధారం దాని పేరే. చరక సంహిత క్షుద్రకుష్ఠాలలో పేర్కొన్న విచర్చికకు దురద, నల్లని పొక్కులు, అధిక స్రావం లక్షణాలు. ఆధునిక వ్యాఖ్యాతలు దీనిని ఎగ్జిమాతో పోలుస్తారు. ప్రజల వాడుకలో మాత్రం ఆ మాట నిలవలేదు. గజ్జి, తామర, చిడుము అన్నవే నిలిచాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. గజ్జి సూక్ష్మమైన పురుగు వల్ల, తామర శిలీంధ్రం వల్ల వస్తాయి, రెండూ అంటుకుంటాయి. ఎగ్జిమా అంటుకోదు. అయినా పేరు ఒకటే కావడంతో, ఆ పేరుతోపాటు వచ్చే వెలి కూడా ఎగ్జిమా ఉన్న బిడ్డ మీద పడుతుంది.

పాశ్చాత్య వైద్యంలోనూ ఈ వ్యాధికి స్థిరమైన పేరు ఆలస్యంగానే వచ్చింది. 1923లో కోకా, కుక్‌లు ‘అటోపీ’ అన్న పదాన్ని, 1933లో వైజ్, సల్జ్‌బర్గర్‌లు ‘అటోపిక్ డెర్మటైటిస్’ అన్న పేరును ప్రవేశపెట్టారు. హానిఫిన్, రైకాల నిర్ధారణ ప్రమాణాలు 1980 నాటివి. ఇంతకాలమూ వైద్యుని దృష్టి బిడ్డ చర్మం మీదనే ఉంది. ఆ బిడ్డతోపాటు రాత్రంతా మేలుకునే తల్లి లెక్కలోకి రావడానికి 1998 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది లాసన్, లూయిస్-జోన్స్, ఫిన్లే తదితరులు కుటుంబ ప్రభావ ప్రశ్నావళిని ప్రచురించారు. ప్రశ్నలు పది, ఒక్కొక్కదానికి సున్నా నుంచి మూడు వరకు అంకెలు, మొత్తం 30. ఇంటిపని, వంట, నిద్ర, విహారం, బజారుపని, ఖర్చు, అలసట, మనోవేదన, దంపతుల సంబంధం, చికిత్సలో సాయపడే భారం అందులోని అంశాలు.

ఈ ప్రశ్నావళిని ఉమ్మడి కరీంనగర్ జిల్లా ఇంటి ముందు ఉంచి చూడాలి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫ్‌కు వలసపోయిన పురుషులు ఉన్న కుటుంబాలు అనేకం. బీడీకి కూలి వెయ్యి లెక్కన ముడుతుంది. బిడ్డ గోకుడుకు నిద్రలేని తల్లి మరునాడు చుట్టే బీడీలు తగ్గుతాయి, కూలీ తగ్గుతుంది. అంటే అక్కడ వేర్వేరు ప్రశ్నలైన నిద్ర, అలసట, ఖర్చు ఇక్కడ ఒకే గొలుసు. భర్త దుబాయిలో ఉన్నప్పుడు దంపతుల సంబంధాన్ని అడిగే ప్రశ్నకు జవాబు ఫోను మాటల్లో వెతకాలి. అత్తగారింట తప్పు కోడలిదే అవుతుంది: బాలింత పత్యం సరిగా చేయలేదనీ, వంకాయ తిన్నదనీ.

సిరిసిల్లలో మరో వైరుధ్యం ఉంది. మెత్తని నూలుబట్ట తొడగమని వైద్యులు చెబుతారు; ఊరి మరమగ్గాల మీద ఎక్కువగా నేసేది పాలిస్టర్.

విహారం గురించిన ప్రశ్న వీటన్నిటికంటే ఇబ్బందికరమైనది. ఏనాడూ విహారానికి పోని కుటుంబం వ్యాధి వల్ల అది చెడలేదని నిజాయితీగానే చెబుతుంది. గడిలో సున్నా పడుతుంది. లేమి ఎంత ఎక్కువైతే ఆ గడిలో బాధ అంత తక్కువగా నమోదవుతుంది.