పదేళ్ల మారుపేరు

2007 ఏప్రిల్ 8న డెబియన్ 4.0 విడుదలైంది. ఈ కొత్త లినక్స్‌ను కంప్యూటర్‌లో ఎక్కించుకుని, నెట్ చూద్దామని మెనూ తెరిచినవాళ్లకు ఫైర్‌ఫాక్స్ కనిపించలేదు. దాని స్థానంలో ఐస్‌వీజిల్ అనే పేరుంది, భూగోళాన్ని చుట్టుకున్న తెల్ల జంతువు బొమ్మ ఉంది. తెరిస్తే మాత్రం అచ్చం ఫైర్‌ఫాక్సే! వీజిల్ అంటే మన ముంగిసను తలపించే చిన్న జంతువు. నిప్పుకు బదులు మంచు, నక్కకు బదులు వీజిల్. వెటకారం దాచుకోని పేరు.

ఈ పేరు వెనుక ఉన్న తగువు అర్థం కావాలంటే లినక్స్‌లో బ్రౌజర్ ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. విండోస్ వాడేవాళ్లు కంపెనీ సైటుకు వెళ్లి ఫైలు దింపుకుంటారు. డెబియన్‌లో 1999 నాటి 2.1 వెర్షన్‌తో ఏప్ట్ అనే పనిముట్టు వచ్చింది. ఒక్క ఆదేశం కొడితే కావలసిన ప్రోగ్రామూ, అది ఆధారపడే ఇతర ప్యాకేజీలూ వాటంతటవే దిగిపోతాయి. అయితే ఆ సరుకు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మోజిల్లా కొట్టులోది కాదు. డెబియన్ వాలంటీర్లు మూల కోడ్ తెచ్చి, తమ వ్యవస్థకు సరిపడేలా సవరించి, తామే కంపైల్ చేసి గిడ్డంగిలో పెట్టినది. మరి పొట్లం మీద ఎవరి పేరుండాలి?

డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరుకు తన పేరు కలిపి దానికి నామకరణం చేశాడు. 1997లో ఆ సమూహం ఒక సామాజిక ఒప్పందం రాసుకుంది. ప్రధాన గిడ్డంగిలో ఉన్నదేదైనా ఎవరైనా మార్చుకుని, పంచుకునేలా ఉండాలి. ఈ నియమం వల్లే, ఆ రోజుల్లో నెట్‌కు మారుపేరైన నెట్‌స్కేప్‌కు అక్కడ చోటు దక్కలేదు. దాని కోడ్ కంపెనీ గుప్పిట్లో ఉండేది. 1998 మార్చి 31న నెట్‌స్కేప్ ఆ గుప్పిట విప్పింది. మోజిల్లా పుట్టుక అదే.

మోజిల్లాకు పేర్ల బాధ ముందునుంచీ ఉంది. 2002లో తెచ్చిన చిన్న బ్రౌజర్‌కు ఫీనిక్స్ అని పెడితే, అదే పేరున్న కంపెనీ అడ్డుచెప్పింది. ఫైర్‌బర్డ్ అంటే, ఆ పేరుతోనే ఉన్న డేటాబేస్ ప్రాజెక్టు వాళ్లు నొచ్చుకున్నారు. 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ అని స్థిరపడ్డారు. రెండుసార్లు చేతులు కాల్చుకున్నవాళ్లు మూడో పేరును కంటికి రెప్పలా కాచుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

డెబియన్ మొదట్లో ఫైర్‌ఫాక్స్ పేరే వాడింది, బొమ్మ మాత్రం వాడలేదు. పేరు ట్రేడ్‌మార్క్ సంగతి, బొమ్మ కాపీరైట్ సంగతి. అప్పట్లో ఆ బొమ్మ లైసెన్సు మార్పులకు ఒప్పుకునేది కాదు. 2006 ఫిబ్రవరిలో మోజిల్లా తరఫున మైక్ కానర్ డెబియన్ బగ్‌ల జాబితాలోనే ఫిర్యాదు నమోదు చేశాడు. దాని సంఖ్య 354622. పేరు కావాలంటే బొమ్మ కూడా ఉండాలి, కోడ్‌లో చేసే మార్పులు తమకు చూపించి అనుమతి తీసుకోవాలి అన్నది సారాంశం. డెబియన్‌కు ఇది కుదిరే పని కాదు. స్థిరమైన వెర్షన్ ఒకటి వస్తే ఏళ్ల తరబడి అదే ఉంటుంది. కొత్త భద్రతా సవరణలను పాత కోడ్‌లోకి తెచ్చి అతికించాలి. ప్రత్యేక అనుమతి తీసుకుందామన్నా ఆ సామాజిక ఒప్పందపు నియమాలు ఒప్పుకోవు. డెబియన్‌కొక్కదానికే వర్తించే హక్కు అక్కడ హక్కుగా చెల్లదు.

దారి కూడా ఆ నియమాల్లోనే దొరికింది. మార్చిన సాఫ్ట్‌వేర్‌కు వేరే పేరు పెట్టమని లైసెన్సు కోరవచ్చని నాలుగో నియమం ముందే ఒప్పుకుంది. అలా ఐస్‌వీజిల్, దాని వెంట మోజిల్లా ఈమెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్‌కు ఐస్‌డవ్, బ్రౌజరూ ఈమెయిలూ కలిసిన సీమంకీకి ఐస్‌ఏప్ పుట్టాయి. నిజానికి ఇందులో ఎవరి తప్పూ కనబడదు. ఇద్దరూ తమ తమ నియమాలకు కట్టుబడ్డారు, అంతే.

చిక్కు వాడేవాళ్లకొచ్చింది. బ్రౌజర్ పేరు చూసి గానీ లోపలికి రానివ్వని సైట్లకు ఐస్‌వీజిల్ ఎవరో తెలియదు. చివరికి అది తనను పరిచయం చేసుకునే వాక్యంలో, తన పేరు పక్కనే బ్రాకెట్లో ‘ఫైర్‌ఫాక్స్ లాంటిదే’ అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ పేరు వద్దని వదులుకుందో, గుమ్మం దాటడానికి ఆ పేరే కావలసివచ్చింది!

2012లో మోజిల్లా ఏడాదిపాటు భద్రతా సవరణలు అందే ఈఎస్ఆర్ వెర్షన్లు మొదలుపెట్టింది. తర్వాత డెబియన్ కూడా స్థిర వెర్షన్లలో వాటినే ఇవ్వసాగింది. పాత కోడ్‌కు అతుకులు వేసే అవసరం తగ్గింది, బొమ్మ లైసెన్సూ సడలింది. 2016లో ఫైర్‌ఫాక్స్ పేరు తిరిగొచ్చింది.

2017లో ఐస్‌డవ్ మళ్లీ థండర్‌బర్డ్ అయినప్పుడు పాత ఉత్తరాలున్న ఫోల్డరును కొత్త పేరు కిందికి చేర్చాల్సి వచ్చింది. ఐస్‌వీజిల్ విషయంలో ఆ శ్రమ లేదు. మెనూలో ఏ పేరున్నా, వాడేవాళ్ల బుక్‌మార్కులు, పాస్‌వర్డులు దాచిన ఫోల్డరు పేరు ఆ పదేళ్లూ ఫైర్‌ఫాక్సే.